బంతులేరే వంతు

మా చెల్లి మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగిపోయేసరికి మిగతా పిల్లలందరూ ఇంకా పరుగెత్తుతూనే ఉన్నారు.

"లే తూనీగా, లే! ఇంకొక్క గీత!" టేబుల్ టెన్నిస్ మాస్టారు గొంతు చించుకున్నారు.

తూనీగ లేవలేదు. స్పీకర్లో బీప్ మోగింది. తను చేరాల్సిన గీత ఇంకా సగం దూరంలో ఉంది. మరో బీప్ మోగింది. ఇక చాలన్నట్టు మాస్టారు చెయ్యి ఊపారు. తూనీగ తూలుకుంటూ మైదానం అంచుకి వచ్చి, నా కాళ్ళ దగ్గర కూలబడి, నీళ్ళ సీసా నెత్తిన గుమ్మరించుకుంది.

"అది తాగడానికే," అన్నాను.

"ముందు... బుర్ర చల్లారనీ... తర్వాత తాగుతా."

చూసేవాళ్ళకి ఆ పరీక్ష చాలా సులువు. మైదానంలో రెండు గీతలు. బీప్ మోగేలోపు ఇవతలి గీత నుంచి అవతలి గీతకి చేరాలి, మళ్ళీ మోగేలోపు వెనక్కి రావాలి. మోత కొంచెం కొంచెంగా తొందరపడుతుంది. ఎవరి గుండె, ఎవరి ఊపిరి ఎంతవరకు కాళ్ళకి తోడొస్తాయో అక్కడ తేలిపోతుంది.

మా చెల్లి వేసవి మొదట్లో ఎక్కడ ఆగిపోయిందో, సగం వేసవి గడిచాక సరిగ్గా అక్కడే ఆగిపోయింది. ఆ రోజు అందరికంటే ముందు ఆగింది కూడా అదే. తక్కిన పిల్లలు అందరూ ఎంతో కొంత ముందుకెళ్ళారు. దాని జోడీ జిగురు అయితే చివరిదాకా మిగిలి, ఒంటరిగా పరుగెత్తి పరుగెత్తి, విసుగొచ్చి ఆగింది. బంతి ఎటు కొట్టినా వెనక్కి అంటించి పంపుతుంది కాబట్టి ఆ పిల్లకి ఆ పేరు.

కంచె అవతల గొడుగు పట్టుకుని అమ్మ నిలబడి ఉంది. లెక్కల టీచర్. నేను భయపడినంతా అయింది, ఆవిడ మొత్తం చూసింది.

"అయిందా మీ ప్రయోగం?" అంది.

"ఇంకా సగం వేసవి ఉందమ్మా."

"సున్నాని రెండుతో హెచ్చవేస్తే ఎంతే?"

ఆ ప్రయోగం నాది. కాలేజీలో వ్యాయామ శాస్త్రం చదువుతూ, సెలవులకి ఇంటికొస్తూ, గుండె వేగాన్ని ఫోన్లో చూపించే బెల్టు ఒకటీ, బోలెడంత ఆత్మవిశ్వాసమూ వెంట తెచ్చుకున్నాను. తూనీగ జబ్బు నాకు కొట్టొచ్చినట్టు కనిపించేది. మొదటి రెండు గేములూ తుపానులా ఆడేది. నాలుగో గేముకల్లా పిండి ఆరేసిన తడిగుడ్డ. పిల్లకి గుండె ధైర్యం చాలదని మాస్టారు అనేవారు. చాలనిది ధైర్యం కాదు, దమ్ము అని నేనన్నాను. టేబుల్ టెన్నిస్‌లో ఒక పాయింట్ కొన్ని క్షణాల పేలుడు, ఆ తర్వాత కొన్ని క్షణాల ఊపిరి, మళ్ళీ పేలుడు. కాబట్టి సాధన కూడా అలాగే చెయ్యాలి. కాసేపు ప్రాణం పెట్టి ఆడాలి, కాసేపు ఆగాలి, పూర్తిగా తేరుకోకముందే మళ్ళీ మొదలుపెట్టాలి. కిటుకంతా ఆ తేరుకోకపోవడంలోనే ఉంది. బాగా తేరుకున్నాక మొదలుపెడితే అది సాధన కాదు, షికారు.

అమ్మ ఒప్పుకుంది, ఒక షరతు మీద. వేసవి చివర్లో రాష్ట్ర శిక్షణ శిబిరానికి ఎంపిక జరుగుతుంది. అందులో నెగ్గితే సరే. నెగ్గకపోతే తూనీగ బ్యాట్ అటక మీదికి, తూనీగ సాయంత్రాలు ట్యూషన్‌కి. అమ్మ మాట అంటే జవాబు పత్రం కింద గీసిన ఎర్ర గీత, చెరగదు.

"ఎక్కడో ఏదో తప్పు జరుగుతోందమ్మా," అన్నాను. "అందరికీ పనిచేసింది దీనొక్కదానికే ఎందుకు పనిచెయ్యదు? ఎవరో అడ్డుపడుతున్నారు. అదెవరో కనిపెట్టి నీ ముందు పేరు చెప్తాను."

"పేరు చెప్తే చాలదు, స్టెప్పులు కూడా చూపించాలి," అని అమ్మ గొడుగు ముడిచింది.

*

ఆ సాయంత్రం మా ముందు గదిలో విచారణ జరిగింది. న్యాయమూర్తి తాతయ్య.

మా ఇంట్లో ఆ కుర్చీకి ఇంకొకరు పోటీ రారు. తాతయ్య ఒకప్పుడు ఫుట్‌బాల్ రిఫరీ. విజిల్ ఇప్పటికీ మెడలో వేలాడుతుంది. పసుపు కార్డు, ఎర్ర కార్డు చొక్కా జేబులో ఉంటాయి. లైటు ఆర్పకుండా గదిలోంచి వస్తే పసుపు కార్డు. చెప్పులతో వంటింట్లోకి వెళ్తే పసుపు కార్డు. ఎర్ర కార్డు మాత్రం ఇంట్లో ఎప్పుడూ బయటికి రాలేదు. ఆ కార్డుకి మా ఇంట్లో ఒక చరిత్ర ఉంది. నాన్న కుర్రాడిగా వింగ్‌లో ఆడే రోజుల్లో, ఊరి ఫైనల్లో, ఎవరో ఎవరిదో చొక్కా పట్టుకుని లాగారు. రిఫరీ తాతయ్య. ఆయన నేరుగా సొంత కొడుకు దగ్గరికి నడిచి ఎర్ర కార్డు ఎత్తారు. ఆ మ్యాచ్ ఓడిపోయారు. అప్పటినుంచి నాన్న ఫ్రిజ్‌లు బాగుచేస్తూ కూడా అదే మాట. "గ్యాస్ లీకైతే కంప్రెసర్‌ని తిట్టినట్టు, వాడెవడో లాగితే నన్ను పంపించేశాడు మా నాన్న."

అంత నిక్కచ్చి మనిషి కాబట్టే పిల్లలు సాధన చేసే హాల్లో విజిల్ ఆయనకి అప్పగించాం. మాస్టారి రెండు చేతులూ బంతులు అందించడంలో ఉంటాయి. నా కళ్ళు ఫోన్లో ఉంటాయి. ఆట మొదలు, ఆట ఆపు చెప్పడానికి రిఫరీ వాచీ, రిఫరీ ఊపిరి కంటే నమ్మకమైనవి ఏముంటాయి?

"మొదటి ముద్దాయి!" తాతయ్య విజిల్ ఊదారు.

"ఇంట్లో ఊదకు నాన్నా, పక్కింటి కుక్క వచ్చేస్తుంది," అన్నాడు నాన్న.

"నువ్వు మాట్లాడకు. నీ మీద పాత కేసుంది."

మొదటి ముద్దాయి తూనీగ ఫోన్. దుప్పటి కింద వీడియోలు చూస్తూ నిద్ర చెడగొట్టుకుంటోందని అమ్మ ఆరోపణ. తూనీగ ఒప్పుకుంది. ఫోన్‌కి పసుపు కార్డు పడింది, వేసవి అయ్యేదాకా నాన్న టూల్ బాక్సులో బందీ.

రెండో ముద్దాయి మా హాలు కింద బేకరీ నడిపే బాబాయ్. ఈ పిల్ల మెట్లు దిగేటప్పుడల్లా క్రీమ్ బన్ను చేతిలో పెడుతున్నాడని సమాచారం. మనిషిని పిలిపించారు. పిండి అంటిన చేతులతోనే వచ్చాడు పాపం.

"పెట్టాను. చిన్నపిల్ల, రొప్పుకుంటూ దిగొస్తుంటే పెట్టకుండా ఎలా ఉంటాను? అంత మాత్రానికి దోషినా నేను? జిగురుకి కూడా పెట్టాను కదా! అది రెండు తింటుంది!"

"జిగురు తిన్నవి కాళ్ళలోకి వెళ్తున్నాయి. ఇది తిన్నవి ఎక్కడికి వెళ్తున్నాయి?" అని గద్దించారు తాతయ్య. పసుపు కార్డు.

బాబాయ్ గుమ్మం దగ్గర ఆగి నాకేసి తిరిగాడు. "అసలు దొంగ దొరికిన రోజు నాకు చెప్పాలమ్మా. నా బన్నుకి క్షమాపణ కావాలి."

మూడో ముద్దాయి జిగురు. తూనీగే దాని పేరు చెప్పింది. "ఆ పిల్ల నాకు మనసులో ఏదో చేస్తోంది అక్కా. నేను రొప్పుతుంటే నవ్వుతుంది."

"నవ్వడం ఫౌల్ కాదు," అన్నారు తాతయ్య. కానీ మొహంలో ఎందుకో ఆ ఒక్కసారి ధీమా కనపడలేదు. తన మనవరాలు మోకాళ్ళు పట్టుకుని వంగిన సంగతి విన్నప్పటినుంచీ ఆయన ఏమీ తినలేదని అమ్మ అంది. ఆ మాట నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

*

దొంగ నాకు దొరికింది మర్నాడు పొద్దున, రెండు ప్లాస్టిక్ తొట్టెల్లో.

మా హాలు బేకరీ పై అంతస్తు. కింద పొయ్యి వెలిగిందంటే పైన మా అరికాళ్ళకి వెచ్చగా తగిలేది. రొట్టె వాసనలో ఆకలితో ఆడటం మా పిల్లలకి అలవాటే. సాధన పద్ధతి ఇది. మాస్టారు బకెట్లోంచి బంతి మీద బంతి తీసి కుడికి, ఎడమకి, మధ్యకి వదులుతూనే ఉంటారు. ఒకరు అర నిమిషం పాటు దూకి దూకి వాటిని కొట్టాలి. ఆ అర నిమిషమూ జోడీలో రెండోవాళ్ళు నేల మీద పడ్డ బంతుల్ని తొట్టిలోకి ఏరాలి. ఏరడమే వాళ్ళ విశ్రాంతి. విజిల్ పడగానే ఏరినవాళ్ళు ఆటకి, ఆడినవాళ్ళు ఏరడానికి. మా దగ్గర బంతులేరడానికి వేరే మనుషులు లేరు కాబట్టి పుట్టిన పద్ధతి అది. ఇంత చక్కటి పద్ధతి మా కాలేజీ పుస్తకాల్లో కూడా లేదని నేను మురిసిపోయేదాన్ని.

నేను మెట్లెక్కేసరికి తూనీగ, జిగురు చెరో తొట్టి పట్టుకుని పోట్లాడుకుంటున్నారు.

"నువ్వే న్యాయం చెప్పు అక్కా," అంది తూనీగ. "రోజూ నేనే వంగి వంగి ఏరుతున్నాను. చూడు, నాది నిండిపోయింది. దాని తొట్టి చూడు, అడుగు కనిపిస్తోంది. ఇది ఏరకుండా ఎగ్గొడుతోంది!"

"నేను ఎగ్గొట్టట్లేదు అక్కా," జిగురు తొట్టి నా మొహమ్మీద పెట్టింది. "నేను వంగి నాలుగు బంతులు అందుకునేలోపే తాతగారు విజిల్ ఊదేస్తారు. మళ్ళీ ఆటకి పరుగెత్తాలి. ఇంకెప్పుడు ఏరను?"

"అబద్ధం! నాకైతే నడుం పడిపోయేదాకా ఊదరు!"

"మరి నీకు ఏరడానికి అంత టైముందంటే నేను ఆడుతూనే ఉన్నానని కదా అర్థం!"

ఇద్దరూ ఒకరి తొట్టిలోకి ఒకరు తొంగిచూసుకున్నారు. తామేం అన్నారో వాళ్ళకి అర్థం కాలేదు. నాకు మాత్రం కాళ్ళ కింద బేకరీ పొయ్యి భగ్గుమన్నట్టయింది. నిండిన తొట్టి అంటే ఎక్కువ విశ్రాంతి. ఖాళీ తొట్టి అంటే తక్కువ విశ్రాంతి. మా చెల్లి గుండె వేగం ప్రతి విరామంలోనూ ఎంత అందంగా దిగుతోందో చూడండని నేనూ మాస్టారూ ఫోన్ చూసి చప్పట్లు కొట్టుకున్నాం. అంతసేపు ఆగితే ఎవరి గుండైనా దిగుతుంది!

ఆ పొద్దున నేను ఫోన్ సంచిలో పడేశాను. టేబుల్ వైపు చూడలేదు. విజిల్ వైపు చూశాను.

జిగురు ఆడుతున్నప్పుడు తాతయ్య వాచీని చూస్తున్నారు. వాచీ ముల్లు అర నిమిషం మీదికి చేరింది. ఆయన కళ్ళు నేల మీద బంతులేరుతున్న తూనీగ మీదికి వెళ్ళాయి. అది ఇంకా రొప్పుతోంది. విజిల్ పెదాల మధ్యే ఉంది, ఊదలేదు. జిగురు ఆడుతూనే ఉంది. తూనీగ భుజాలు ఎగసిపడటం కాస్త నెమ్మదించింది. అప్పుడు ఊదారు.

తూనీగ వంతు వచ్చింది. ఇప్పుడు ఆయన వాచీ వైపే చూడలేదు. మనవరాలి మొహాన్నే చూస్తున్నారు. అది దూకింది, కొట్టింది, మళ్ళీ దూకింది. ఒక చెయ్యి నడుం మీదికి వెళ్ళింది.

విజిల్ పడింది.

మాస్టారి వీపు ఆయన వైపు ఉంది. మాస్టారికి బంతి తప్ప లోకం తెలీదు. తల తిప్పిన తాతయ్య నేను చూస్తుండటం గమనించారు.

నేను వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను.

"కిటికీ వెలుతురు నీ కళ్ళలో పడుతోంది తాతయ్యా. కుర్చీ అటు తిప్పనా?"

ఆయన విజిల్ నోట్లోంచి తీశారు. తర్వాత చిన్నగా అన్నారు. "విజిల్ నోట్లో ఉంటే, అది రొప్పగానే ఊపిరి దానంతటదే వెళ్ళిపోతోందే."

"తెలుసు."

"మీ అమ్మకి చెప్తావా?"

"ఇప్పుడు కాదు."

ఆయన లేచారు. నన్ను ముట్టుకోనివ్వకుండా కుర్చీని తానే ఎత్తి, టేబుళ్ళకి వీపు చేసి, గోడ వైపు తిప్పి కూర్చున్నారు. ఎదురుగా బేకరీవాళ్ళ క్యాలెండర్, దాని మీద మూడంతస్తుల కేకు బొమ్మ. మిగతా వేసవంతా తాతయ్య ఆ కేకుని చూస్తూ గడిపారు.

*

మర్నాటి నుంచి హాల్లో హాహాకారాలు మొదలయ్యాయి.

"తాతయ్యా! నిద్రపోతున్నావా? ఊదు!" అని తూనీగ ఆడుతూనే కేకలు పెట్టేది.

గోడ వైపు తాతయ్య వాచీని ఇంకా దగ్గరికి పట్టుకునేవారు.

"ఇదేంటి, తూనీగ వంతుకి బకెట్లో బంతులు చాలట్లేదు ఇవాళ?" అని మాస్టారు ఆశ్చర్యపోయేవారు. ఆయనకి నేను చెప్పలేదు. చెప్తే ఆ వేసవిలో తాను మెచ్చుకున్న గుండె లెక్కలన్నీ ఆయనకి గుర్తొస్తాయి, నాకు కూడా.

జిగురు మాత్రం తొట్టి నింపుకుని తృప్తిగా నిట్టూర్చింది. "హమ్మయ్య, ఊపిరి పీల్చుకోవడం అంటే ఇలా ఉంటుందన్నమాట!"

అన్నిటికంటే కష్టం తాతయ్యది. చూపు గోడ వైపు తిప్పుకోగలిగారు గానీ చెవులు ఎటు తిప్పుకుంటారు? వెనక నుంచి తూనీగ బూట్లు నేలని రాసుకునే చప్పుడు, అది గాలి కోసం ఎగబీల్చే చప్పుడు వినపడుతూనే ఉండేవి. ఆయన ఎడమ చెయ్యి కుర్చీ పట్టెని పట్టుకుని తెల్లబడేది. కుడిచేతిలో వాచీ. ఒకరోజు తూనీగ ఏడుస్తూ ఆడింది. కన్నీళ్ళు, చెమటలు కలిసి కారుతుంటే ఒక్కొక్క బంతినీ తిట్టి మరీ కొట్టింది. ఆ రోజు తాతయ్య తల గోడకి ఆనించేశారు. విజిల్ మాత్రం వాచీ చెప్పినప్పుడే పడింది. ఒక్క క్షణం ముందు కాదు.

ఇంట్లో అమ్మ నన్ను వదల్లేదు.

"పేరు కనిపెట్టావా?"

"కనిపెట్టాను."

"చెప్పు మరి."

"ఎంపిక అయ్యాక. ఇప్పుడు చెప్తే పని చెడుతుంది."

"పరీక్షలో ఖాళీ పేపర్ ఇచ్చే పిల్లలందరూ ఈ మాటే చెప్తారు," అంది అమ్మ. తాతయ్య పళ్ళెంలోకి వంగి చాలా శ్రద్ధగా తిన్నారు.

బెల్టు చూపించే అంకెలు మారాయి. గుండె ఇప్పుడు అందంగా దిగడం మానేసింది. దిగీ దిగకముందే మళ్ళీ ఎక్కేది. చూడటానికి వికారంగా ఉండే గీత. దాన్ని చూసి నేను లోపల్లోపల గంతులేశాను. కొన్నాళ్ళకి తూనీగ కేకలు ఆగిపోయాయి. ఇంకొన్నాళ్ళకి బంతులేరుతూ పాటలు కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. రొప్పేవాళ్ళకి రాగం రాదు. గోడ వైపు కూర్చున్న మనిషి బూటు ఆ పాటకి తాళం వెయ్యడం నేను చూశాను.

*

ఎంపిక రోజు పొద్దున్నే పరుగు పెట్టారు. బీప్‌లు మొదలయ్యాయి. తూనీగ పాత చోటు దాటింది. దాటిన సంగతి దానికి తెలీదు, కంచె అవతల అమ్మకి తెలిసింది. గొడుగు పక్కకి జారిపోయినా పట్టించుకోలేదు. ఒక్కొక్కరే ఆగిపోతుంటే తూనీగ గీతకీ గీతకీ మధ్య తిరుగుతూనే ఉంది. ఎంపికకి కావాల్సిన మెట్టు దాటాక కూడా ఇంకో నాలుగు గీతలు పరుగెత్తి, "ఇక చాలా?" అని అడిగి ఆగింది.

ఆటల్లో జిగురు తన స్థానం సునాయాసంగా పట్టేసింది. చివరి స్థానం కోసం తూనీగ, ఇంకో హాలు నుంచి వచ్చిన రెండు జడల అమ్మాయి మిగిలారు. ఆ అమ్మాయి ఎడమచేతి వాటం, బంతికి పెట్టే స్పిన్ మహా ఘోరం. రెండు గేములు మావి. రెండు గేములు వాళ్ళవి. ఐదో గేము మొదలయ్యేముందు నేను వరండాలోకి పరుగెత్తాను.

తాతయ్య నీళ్ళ కూలర్ పక్కన కుర్చీ వేసుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

"ఇవాళ విజిల్ నీది కాదు కదా తాతయ్యా, లోపలికి రా."

"రాను. చూస్తే ఊదేస్తాను." మెడలోంచి తాడు తీసి విజిల్ నా చేతిలో పెట్టారు. "దీన్ని దూరంగా పట్టుకెళ్ళు."

ఐదో గేము సగంలో ఇద్దరూ సమానం. ఒక పాయింట్ ఎంతకీ తెగలేదు. బంతి మూలకీ మూలకీ మధ్య పిచ్చెత్తినట్టు తిరిగింది. ఆఖరికి తూనీగ కొట్టిన బంతి వలకి తగిలింది. మా చెల్లి మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగింది. నా పక్కన అమ్మ నా మణికట్టు పట్టుకుంది. నా గుప్పిట్లో విజిల్ గుచ్చుకుంది.

బంతి దొర్లుకుంటూ బల్లల కిందికి పోయింది. అందిద్దామని ఎవరో లేవబోయారు. తూనీగ వద్దని చెయ్యి చూపించింది. తానే నడిచి వెళ్ళి, వంగి, బంతిని ఏరింది. తొందరేమీ లేదన్నట్టు తిరిగొచ్చింది. ఎన్ని వందలసార్లు ఏరిన చెయ్యి అది! నడుం నిటారుగా లేచేసరికి దాని భుజాలు కదలడం లేదు. అవతల రెండు జడల అమ్మాయి నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని, నోటితో గాలి మింగుతోంది.

"అమ్మా," అన్నాను, "ఇక వదులు. నా చెయ్యి విరుగుతుంది."

ఆ తర్వాతి పాయింట్లన్నీ త్వరత్వరగా అయిపోయాయి. ఆఖరి బంతి అవతలి గోడకి తగిలి కిందపడేలోపే జిగురు తూనీగ మీదికి దూకి అంటుకుపోయింది. నేను వరండాలోకి వెళ్ళి విజిల్ తాతయ్య మెడలో వేశాను. ఆయన గోడని చూస్తూనే తలాడించారు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

*

సాయంత్రం బేకరీలో అందరం చేరాం. బాబాయ్ కేకు తెచ్చి మధ్యలో పెట్టాడు. అది క్యాలెండర్ బొమ్మలోదే, మూడంతస్తులూ ఉన్నాయి. కత్తి మాత్రం తన చేతిలోనే పెట్టుకున్నాడు.

"కొయ్యను. ముందు దొంగ పేరు చెప్పాలి. నా బన్నుకి న్యాయం జరగాలి."

"నా ఫోన్‌కి కూడా," అంది తూనీగ.

"నా నవ్వుకి కూడా," అంది జిగురు.

అమ్మ కుర్చీ నా వైపు జరుపుకుంది. "గడువు అయిపోయింది. పేరు, స్టెప్పులు."

నేను స్టెప్పులు చెప్పాను. నిండిన తొట్టి గురించి, ఖాళీ తొట్టి గురించి చెప్పాను. ఒకరి విశ్రాంతి సాగదీస్తే రెండోవాళ్ళ ఆట ఎలా సాగుతుందో చెప్పాను. విజిల్ మాట మాత్రం ఎత్తలేదు. మాస్టారు తల పట్టుకున్నారు. "అందుకా నా చేతులు ఒక వంతు నొప్పి, ఒక వంతు హాయి!" జిగురు వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని, "అంటే సగం వేసవి దీని ఆట కూడా నేనే ఆడానా? అందుకేనా నాకింత దమ్ము వచ్చింది?" అని ఎగిరి గంతేసింది. "ఎవరో గానీ వాళ్ళకి దండం పెడతాను అక్కా, పేరు చెప్పు!"

నేను నోరు తెరిచాను.

బల్ల చివర నుంచి విజిల్ మోగింది. గట్టిగా, పొడుగ్గా, మ్యాచ్ ఆపేటప్పుడు ఊదినట్టు. బేకరీలో రొట్టెలు కొనుక్కుంటున్నవాళ్ళు కూడా ఆగిపోయారు.

తాతయ్య లేచి నిలబడి ఉన్నారు. చొక్కా జేబులో చెయ్యి పెట్టి, మా ఇంట్లో ఎన్నడూ బయటికి రాని ఎర్ర కార్డు తీశారు. మూలలు అరిగి, రంగు వెలిసి ఉంది. దాన్ని పట్టుకుని నడుచుకుంటూ నాన్న ముందుకి వచ్చి ఆగారు.

నాన్న అలవాటు కొద్దీ బెదిరిపోయాడు. "నేనేం చెయ్యలేదు నాన్నా!"

"తెలుసు," అన్నారు తాతయ్య. "ఆ రోజు చొక్కా లాగింది కూడా నువ్వు కాదని తెలుసు. కార్డు ఎత్తిన మరుక్షణమే తెలుసు. కొడుకని వదిలేశానంటారని, ఎత్తిన చెయ్యి దింపలేకపోయాను."

కార్డు నాన్న చేతిలో పెట్టారు.

"ఇదిగో. ఇవాళ రిఫరీవి నువ్వు. దోషి ఎవరో నీకూ అర్థమైంది. ఎత్తు."

నాన్న కార్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏడుస్తాడేమోనని నేను భయపడ్డాను. అంతలో మనిషి నవ్వడం మొదలుపెట్టాడు, భుజాలు కదిలిపోయేలా, ఏళ్ళ తరబడి దాచుకున్న నవ్వంతా ఒక్కసారే. తూనీగ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బాబాయ్ కత్తి దించేశాడు.

"ఎవరండీ?" అమ్మ అసహనంగా అడిగింది. "ఎవరో చెప్పండి!"

నాన్న కుర్చీ మీదికి ఎక్కి, ఎర్ర కార్డుని చెయ్యి సాగినంత ఎత్తుకి లేపి, బేకరీ అద్దాలు అదిరేలా అరిచాడు.

"మా నాన్న!"